మట్టిలో కర్బనం ఎంతో యాప్ చెప్పిందే ఆఖరి మాటా?

ప్రశ్న: మాది ఆదోని దగ్గర పల్లె. ఆరెకరాలు సొంతం, నాలుగెకరాలు కౌలు. దుక్కులు తగ్గించి పచ్చిరొట్ట వేస్తే మట్టిలో కర్బనం పెరుగుతుందని, దాన్ని కార్బన్ క్రెడిట్లుగా అమ్మి వాటా ఇస్తామని మూడేళ్ల కిందట ఒక కంపెనీ వాళ్లొచ్చారు. ఫోన్‌కు వచ్చిన ఓటీపీ చెప్పాను, అగ్రిమెంటు అయిపోయిందన్నారు. మొదటి ఏడు ఇనుప గొట్టం దించి మట్టి తీసుకెళ్లారు, మళ్లీ రాలేదు. ఇప్పుడు యాప్‌లో చూపిస్తూ, శాటిలైట్ లెక్కలో మీ పొలంలో పెరుగుదల లేదు, డబ్బు రాదంటున్నారు. కంపెనీ లెక్కే ఆఖరిదని అగ్రిమెంటులో ఉందట. అమ్మాయి పెళ్లికి రెండెకరాలు అమ్ముదామంటే, 20 ఏళ్ల ఒప్పందం కాబట్టి పరిహారం కట్టాలంటున్నారు. తగువు వస్తే గురుగ్రామ్‌లో, వాళ్లు పెట్టిన ఆర్బిట్రేటర్ (కోర్టు బయట తీర్పు చెప్పే మధ్యవర్తి) దగ్గరే తేల్చుకోవాలట. ఏం చెయ్యమంటారు?

జవాబు: ముందు పెళ్లి సంగతి, మీ టెన్షన్ అంతా అక్కడే ఉంది కదా. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ, అంటే ఆ భూమి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రం, తీయించండి. ఈ ఒప్పందం అందులో ఉండదనే నా అంచనా. ఏడాదికి మించిన లీజైతే 1908 రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 17 ప్రకారం రిజిస్టర్ కావాల్సిందే, ఓటీపీతో ఆ పని జరగదు. లీజు కాకపోతే అది మీకూ కంపెనీకీ మధ్య మాట, భూమికి అంటుకునే హక్కు కాదు. అమ్మకం ఆగదు. కొనేవాళ్లకు మాత్రం విషయం దాచకండి, రేపు వాళ్లతో ఇంకో తగువు ఎందుకు?

ఇక పరిహారం. కాగితం మీద ఎంత అంకె రాసుకున్నా, కాంట్రాక్టు చట్టం సెక్షన్ 74 ప్రకారం ఆ అంకెకు మించకుండా సమంజసమైనంతే ఇప్పిస్తారు. మీ పొలంలో పెరుగుదలే లేదన్న కంపెనీ, అదే పొలం చేజారితే నష్టమొచ్చిందని ఏ నోటితో అంటుంది? నోటీసుకు జవాబు రాయాల్సి వస్తే మొదటి వాక్యం ఇదే పెట్టమంటాను.

ఓటీపీ ఒప్పందం చెల్లదని వాదించొచ్చా అంటే, నేనైతే దాని మీద ఆధారపడను. ఎలక్ట్రానిక్‌గా జరిగినంత మాత్రాన ఒప్పందం చెల్లకుండా పోదని ఐటీ చట్టం సెక్షన్ 10ఎ అంటోంది. మోసపుచ్చి ఒప్పించారని తేలితే రద్దు కోరవచ్చు. కానీ మూడేళ్లు వాళ్లు చెప్పినట్టే సాగు చేసి ఇప్పుడు నాకేం తెలియదంటే, జడ్జి గారు ఒక చూపు చూస్తారు.

మీ అసలు బలం కొలతలో ఉంది. హెక్టారు పొలంలో 30 సెంటీమీటర్ల లోతు వరకు, ఘనసెంటీమీటరు మట్టి 1.4 గ్రాములు తూగుతుందనుకుంటే, 0.50 శాతం కర్బనం అంటే 21 టన్నులు. అది 0.55 అయితే 2.1 టన్నులు ఎక్కువ. టన్ను కర్బనం 3.67 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సమానం కాబట్టి, టన్నుకో క్రెడిట్ చొప్పున దాదాపు 7.7 క్రెడిట్లు, ఎకరానికి మూడు. రెండో దశాంశంలో అయిదు అటో ఇటో అయితే మీ డబ్బు ఉన్నట్టూ కావచ్చు, లేనట్టూ కావచ్చు. శాటిలైట్‌కు కనిపించేది నేల పైపొర, అదీ పైరు లేనప్పుడు. కింద ఎంత ఉందో కంప్యూటర్ మోడల్ అంచనా వేస్తుంది.

అలాగని మళ్లీ మట్టి తీయకపోవడమే మోసం అనలేం. ఈ ప్రాజెక్టులు ఎక్కువగా నమోదయ్యే, కార్బన్ క్రెడిట్లు జారీ చేసే వెర్రా అనే సంస్థ పద్ధతిలో కొన్ని పొలాల్లోనే నమూనాలు తీస్తారు, కనీసం అయిదేళ్లకోసారి మళ్లీ తీయాలి. కాబట్టి ప్రాజెక్టు నంబరు అడగండి. వెర్రాలో నమోదైతే ప్రాజెక్టు పత్రాలు దాని వెబ్‌సైటులో ఎవరైనా చూడొచ్చు. 'మా లెక్కే ఆఖరిది' అన్న షరతు ఉన్నా, ఒప్పుకున్న పద్ధతిలో కొలవకపోతే ఒప్పందం తప్పింది వాళ్లే.

మొదటి ఏటి ల్యాబ్ రిపోర్టు, గొట్టం దించిన చోట్ల జీపీఎస్ అంకెలు, మీ పొలం పేరిట ఎన్ని క్రెడిట్లు లెక్కగట్టారో ఇవ్వమని స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. ఈలోగా, పొలం అమ్మకముందే, అవే చోట్ల మట్టి తీయించి పరీక్ష చేయించండి. మీ భూసార కార్డులో సేంద్రియ కర్బనం ఉంటుంది గానీ, ఆ నమూనా 15 సెంటీమీటర్ల లోతుదే. వాళ్లు 30 వరకు కొలిస్తే రెండూ పోల్చకూడదు. యాప్ స్క్రీన్‌షాట్లు తీసిన ఫోన్ ఎవరికీ ఇచ్చెయ్యకండి. ఇప్పటి సాక్ష్య చట్టమైన భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద, ఆ స్క్రీన్‌షాట్లకు సర్టిఫికెట్ ఇవ్వాల్సి వచ్చినప్పుడు అది చేతిలో ఉండాలి.

గురుగ్రామ్ భయం కొంత తగ్గించుకోండి. తగువులో లాభనష్టాలున్న పక్షం ఒంటరిగా ఆర్బిట్రేటర్‌ను పెట్టుకోవడం చెల్లదని 2019లోనే సుప్రీంకోర్టు చెప్పింది. మన రైతుల విత్తనాల కేసులో, ఆర్బిట్రేషన్ షరతు ఉన్నా వినియోగదారుల ఫోరానికి వెళ్లొచ్చని 2012లో తీర్పిచ్చింది. అయితే వాళ్లు డబ్బిచ్చి విత్తనం కొన్నారు, మీరు కంపెనీ దగ్గర ఏమీ కొనలేదు. మీ వాటాలోంచి సర్వీస్ ఛార్జీ కోస్తారని ఒప్పందంలో ఉంటే, మీరూ వినియోగదారే అన్న వాదన నిలవొచ్చు. లేకపోతే కష్టం.

చివరగా, మీరు అడగని కౌలు నాలుగెకరాలు. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలు రైతుకు ఇచ్చే సీసీఆర్సీ కార్డుకు గడువు 11 నెలలు, హక్కు పంట వరకే, భూమి మీద కాదు. ఆ భూమికి మీరు 20 ఏళ్ల మాట ఇవ్వలేరు. ఆసామికి ఇది వేరే నోటి నుంచి తెలిస్తే కౌలు కూడా పోతుంది. ఆ సర్వే నంబర్లు తీసెయ్యమని అదే నోటీసులో రాయండి. కాపీ పట్టుకుని ముందు ఆయన దగ్గరకు మీరే వెళ్లండి.