స్కానర్ చార్జ్ అవుతోంది, ల్యాప్‌టాప్‌కి మాత్రం కనపడదు

ప్రశ్న: అన్నా, నమస్తే. నాకు హామ్ (సరదాగా నడుపుకునే రేడియో) లైసెన్సు వచ్చి ఏడాది దాటింది. సంక్రాంతికి మా బావ అమెరికా నుంచి వస్తూ యూనిడెన్ బీసీ125ఏటీ స్కానర్ (గాలిలో వచ్చే రేడియో మాటలు వెతికి వినిపించేది) తెచ్చిచ్చాడు. ఒక్కో ఫ్రీక్వెన్సీ బటన్లు నొక్కి ఎక్కించే సరికి వేళ్ళు నొప్పి పుడుతున్నాయి. ల్యాప్‌టాప్‌కి తగిలిస్తే స్కానర్ మీద చార్జింగ్ అని వస్తుంది, సాఫ్ట్‌వేర్ మాత్రం స్కానరే లేదు పొమ్మంటుంది. పాడైపోయిందేమోనని టెన్షన్‌గా ఉంది, బావని అడగాలంటే మొహమాటం. (కావలి నుంచి ఒక పాఠకుడు)

జవాబు: పాడవలేదులే అబ్బయ్యా, బావ దాకా పోవద్దు. చార్జింగ్ అంటోందంటే కరెంటు అందుతోంది, అంతవరకే. యూఎస్‌బీ కేబుల్లో కరెంటుకి రెండు తీగలు, డేటాకి రెండు తీగలు ఉండాలి, చవక చార్జింగ్ కేబుళ్ళలో ఆ డేటా తీగలు అసలు వెయ్యరు. పైగా మీ స్కానర్‌కి ఉండేది పాతకాలం మినీ యూఎస్‌బీ, ఇప్పటి ఫోన్ కేబుళ్ళేవీ అందులో దూరవు, కాబట్టి మీరు ఇంట్లో ఏ సొరుగులోనో దొరికిన కేబుల్ పెట్టి ఉంటారని నా అనుమానం. నేనూ అంతే చేశాను కాబట్టి చెబుతున్నా. నెల్లూరు ట్రంకు రోడ్డులో ఒక షాపులో కొన్న కేబుల్ పెట్టుకుని ఒక రాత్రంతా కూర్చున్నా, డ్రైవర్ తీశా, మళ్ళీ వేశా, ఇంకో ల్యాప్‌టాప్ అడిగి తెచ్చా, తెల్లారగట్ల పాత డిజిటల్ కెమెరా కేబుల్ గుర్తొచ్చి అది పెడితే టింగుమంది. ఆ టింగుమనేదే మీకు కావాల్సింది. స్కానర్ ఆన్ చేసి, కేబుల్ తగిలించి, చెవి పెట్టండి. ఏ శబ్దమూ రాకపోతే సాఫ్ట్‌వేర్ జోలికి పోనే వద్దు, కేబుల్ మార్చండి. ఆఫ్‌లో పెట్టి తగిలిస్తే చార్జింగ్ తప్ప ఇంకేమీ జరగదు, అది కూడా చూసుకోండి.

శబ్దం వచ్చాక డివైస్ మేనేజర్ తెరిచి పోర్ట్స్ అనే వరసలో చూడండి. అక్కడ కామ్ 3 అనో కామ్ 7 అనో ల్యాప్‌టాప్ ఆ స్కానర్‌కి ఇచ్చిన అంకె కనపడుతుంది, సాఫ్ట్‌వేర్‌లో కూడా సరిగ్గా అదే అంకె ఎంచాలి. పసుపు రంగు ఆశ్చర్యార్థకం కనిపిస్తే డ్రైవర్ సరిగ్గా కూర్చోలేదని. ఇవాళ కుడివైపు సాకెట్‌లో, రేపు ఎడమవైపు దాంట్లో పెడితే అంకె మారిపోవచ్చు, నిన్న పనిచేసింది ఇవాళ పనిచెయ్యడం లేదంటూ నాకు వచ్చే ఉత్తరాల్లో చాలా భాగం ఇదే. ఎప్పుడూ ఒకే సాకెట్ వాడండి, మధ్యలో హబ్ పెట్టొద్దు.

కనెక్షన్ కుదిరాక స్కానర్ తెర మీద రిమోట్ మోడ్, కీప్యాడ్ లాక్ అని వచ్చి బటన్లు పనిచెయ్యకుండా పోతే కంగారు పడొద్దు, ల్యాప్‌టాప్ దాంతో మాట్లాడుతున్నంతసేపూ అంతే. ముందు స్కానర్‌లో ఉన్నదంతా ల్యాప్‌టాప్‌లోకి చదివించి ఒక ఫైలుగా దాచుకోండి, ఆ తరవాతే కొత్తవి ఎక్కించండి. ఖాళీ పట్టికని పొరపాటున స్కానర్‌లోకి తోసేస్తే మీ వేళ్ళు నొప్పి పుట్టేలా ఎక్కించినవన్నీ ఒక్క నిమిషంలో పోతాయి. ఒక్కో ఫ్రీక్వెన్సీ దాచుకునే గదిని చానల్ అంటారు, మొత్తం 500 చానళ్ళు, 50 చొప్పున పది గుంపులు (బ్యాంకులు), ఏ బ్యాంకులో ఏం పెట్టాలో ముందు కాగితం మీద రాసుకుంటే మేలు. ఇంకో మాట, బ్యాటరీ అరలో చిన్న స్విచ్ ఉంటుంది, మామూలు పెన్సిల్ సెల్స్ వేసుకుని దాన్ని రీచార్జబుల్ వైపు వదిలేస్తే యూఎస్‌బీ తగిలించినప్పుడు వాటికీ చార్జింగ్ ఎక్కించబోతుంది, సెల్స్ కారిపోయి లోపల తుప్పు పడుతుంది.

ఏం ఎక్కించాలో మీరు అడగలేదు గానీ చెబుతా. మన దేశంలో హామ్‌ల 2 మీటర్ల బ్యాండ్ 144 నుంచి 146 మెగాహెర్ట్జ్. అందులో 145.800 తప్పకుండా పెట్టండి, అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నుంచి వ్యోమగాములు స్కూలు పిల్లలతో మాట్లాడేది ఎక్కువగా దాని మీదే. అక్కడి రిపీటర్ (హామ్‌ల మాటలు అందుకుని తిరిగి పంపేది) వినాలంటే 437.800. ఇక్కడే ఒక చిక్కుంది. కేంద్రం మనవైపు వస్తున్నప్పుడు ఆ ఫ్రీక్వెన్సీ దాదాపు 10 కిలోహెర్ట్జ్ పైకి, పోతున్నప్పుడు అంతే కిందికి జరిగినట్టు అందుతుంది, రైలు కూత దగ్గరికొచ్చేటప్పుడు ఒక రకంగా, దాటిపోయాక ఒక రకంగా వినపడదూ, అట్టా. అందుకని 437.800 ఒక్కటే పెట్టి ఊరుకోకుండా దానికి పైన రెండు, కింద రెండు చానళ్ళు పెట్టుకోండి. మీరు కొట్టిన అంకెని స్కానర్ తన స్టెప్పుకి (ఒక ఫ్రీక్వెన్సీ నుంచి ఇంకోదానికి అది వేసే అంగకి) తగ్గట్టు కాస్త సర్దుకున్నా పర్లేదు. నెత్తి మీదుగా పోయేది మహా అయితే పది నిమిషాలు, మిద్దె ఎక్కి నిలబడండి.

ప్రశ్న: సార్, స్కానర్ కొంటే పోలీసుల వాకీటాకీ మాటలు వినొచ్చా? లైసెన్సు లేదు. (కందుకూరు)

జవాబు: వద్దు. 1933 నాటి వైర్‌లెస్ చట్టం నుంచీ ఇలాంటి పరికరం దగ్గర ఉంచుకోవాలంటేనే అనుమతి ఉండాలి, 2023లో కొత్త టెలికమ్యూనికేషన్స్ చట్టం వచ్చినా ఆ అవసరం పోలేదు. సరదా నిజమైతే ముందు హామ్ పరీక్ష రాయండి, 12 ఏళ్ళు నిండితే చాలు, రిస్ట్రిక్టెడ్ గ్రేడు లైసెన్సుకి మోర్స్ (చుక్కలూ గీతల సంకేత భాష) కూడా అక్కర్లేదు. లైసెన్సు వచ్చాక కూడా పోలీసుల మాటలు మీవి కావు.

ప్రశ్న: అన్నా, నా దగ్గర పాత స్కానర్ ఉంది, సీరియల్ కేబుల్ రకం. యూఎస్‌బీ కన్వర్టర్ పెట్టి పాత విండోస్ 7లో బ్రహ్మాండంగా వాడుకున్నా. కొత్త ల్యాప్‌టాప్‌లో డివైస్ మేనేజర్ తెరిస్తే పీఎల్2303 అని చూపించి, పక్కనే 2012 నుంచి ఆపేశాం, అమ్మినవాణ్ణి అడుక్కో అన్నట్టు రాస్తుంది. అమ్మినవాడు షాపు మూసేసి ఐదేళ్ళయింది. (ఒంగోలు, లైసెన్సున్న హామ్)

జవాబు: అది మీ కన్వర్టర్‌లోని చిప్ సంగతి. పీఎల్2303 చేసే ప్రొలిఫిక్ కంపెనీ వాళ్ళ పాత చిప్‌లకీ, వాటిని చూసి చేసిన నకిలీలకీ కొత్త డ్రైవర్లు పనిచెయ్యవు, విండోస్ తనంతట తను కొత్త డ్రైవర్ దించుకుని మీకు ఈ చీటీ చూపిస్తోంది. 3.2.0.0 అనే పాత డ్రైవర్ వేసి, డివైస్ మేనేజర్‌లో కంప్యూటర్‌లో ఉన్న డ్రైవర్లలోంచి నేనే ఎంచుకుంటా అనే దారిలో దాన్ని ఎంచితే చాలామందికి లేచి కూర్చుంది. కానీ విండోస్ అప్‌డేట్ అయినప్పుడల్లా మళ్ళీ మొదటికొచ్చే ప్రమాదం ఉంది, ఆ తంటా నాకైతే ఓపిక లేదు, ఎఫ్‌టీడీఐ అనే ఇంకో కంపెనీ చిప్ ఉన్న కన్వర్టర్ కొనుక్కున్నా. మీరూ కొంటే నమ్మకమైన చోట కొనండి, దానికీ నకిలీలున్నాయి. 2014లో ఆ కంపెనీ డ్రైవర్ ఒకటి నకిలీ చిప్‌ల ఐడీని సున్నా చేసేసి వాటిని పనికిరాకుండా పెట్టింది, నకిలీ అని తెలియక కొన్నవాళ్ళ దగ్గర కూడా. ఇంత చేసినా మాట్లాడకపోతే సాఫ్ట్‌వేర్‌లో బాడ్ రేటూ (డేటా పంపే వేగం), స్కానర్ మెనూలో బాడ్ రేటూ ఒకటేనా అని చూడండి. అదీ సరిపోయి ఇంకా రాకపోతే స్కానర్ మోడల్ నంబరు రాసి మళ్ళీ పంపండి, వచ్చే నెల చూద్దాం.