లేబర్ రూల్స్ ఎప్పుడు మారుతున్నాయో చిన్న షాపు నడిపేవాళ్లకు తెలిసేదెలా?

మీది వరంగల్‌లో బట్టల షాపు, పన్నెండు మంది పనివాళ్లు, ఏ రూల్ ఎప్పుడు మారుతుందో అర్థం కాక టెన్షన్‌గా ఉందన్నారు. నేను హన్మకొండలో కొన్ని షాపుల జీతాల లెక్కలు చూస్తాను. రోజూ వార్తలు వెతకాల్సిన పనేం లేదు. వాట్సాప్‌లో ఏదైనా వస్తే అసలు జీవో తెరిచి, అది ఎవరికి వర్తిస్తుందో చదవండి. సగం టెన్షన్ అక్కడే పోతుంది.

2025 జులైలో చూశారుగా, రోజుకు 10 గంటల పనికి ప్రభుత్వం ఒప్పుకుందని గ్రూపుల్లో ఒకటే ఫార్వర్డ్‌లు. జేపీఎన్ రోడ్డులో షాపున్న ఒకాయన ఆ సాయంత్రమే ఫోన్ చేసి, "రేపటి నుంచి పనివాళ్లను ఓ గంట ముందు రమ్మందామా?" అన్నాడు. 282వ నంబరు జీవో తీసి చదివి వినిపించాను. అది వాణిజ్య సంస్థలకు, షాపులు మినహా. ఆ సంస్థలైనా వారానికి 48 గంటలు దాటితే ఓటీ (అదనపు గంటల జీతం) కట్టాల్సిందే, అదీ మూడు నెలల్లో 144 గంటల లోపే. ఆయన కాసేపు ఆగి, "మరి అందరూ పెట్టుకుంటున్నారు కదా" అన్నాడు. ఈ మాట మీరూ వింటారు, పట్టించుకోకండి.

ఇక తారీఖులు. కనీస వేతనాల్లో వీడీఏ (ధరలను బట్టి మారే కరువు భత్యం) ఏప్రిల్ 1న, అక్టోబర్ 1న మారుతుంది. లేబర్ డిపార్ట్‌మెంట్ సైట్లో నోటిఫికేషన్ పెడతారు. జీతాల షీట్‌లో బేసిక్, వీడీఏ వేర్వేరు కాలమ్స్‌లో రాసుకుంటే కొత్త అంకె రాగానే ఒక్క కాలమ్ మారిస్తే సరిపోతుంది. జీతం 15,000 దాటినవాళ్లకు వృత్తి పన్ను 150, 20,000 దాటితే 200. ఇంక్రిమెంట్ ఇచ్చిన నెలలో ఇది చూసుకోండి.

మీకు పనివాళ్లు పది దాటారు కాబట్టి ఈఎస్ఐ (ఉద్యోగుల వైద్య బీమా) ఉండాలి. జీతం 21,000 లోపు ఉన్నవాళ్లకు వాళ్ల వాటా 0.75 శాతం, మీది 3.25. మధ్యలో జీతం పెంచి 21,000 దాటించినా, ఆ ఆరు నెలల ఈఎస్ఐ చెల్లింపు పీరియడ్ అయ్యేదాకా కడుతూనే ఉండాలి. పనివాళ్లు ఇరవైకి చేరితే పీఎఫ్ కూడా. దసరాకు అదనంగా పెట్టుకునేవాళ్లు లెక్కలోకి రారులే అని మీరే తేల్చేసుకోవద్దు, ముందే అడగండి. ఒకసారి పీఎఫ్‌లోకి వెళ్లాక మనుషులు తగ్గినా అది పోదు.

కొత్తగా వచ్చిన పెద్ద మార్పు 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన నాలుగు లేబర్ కోడ్‌లు. 29 పాత చట్టాలు వాటిలో కలిశాయి. మీరు ముందు చేయాల్సింది అందరికీ అపాయింట్‌మెంట్ లెటర్లు ఇవ్వడం. తర్వాత జీతాన్ని ఎలా విడగొట్టారో చూడండి. 16,000లో బేసిక్ 6,000, మిగతా 10,000 అలవెన్సులు అని రాసుంటే, అలవెన్సుల్లో మొత్తం జీతంలో సగానికి, అంటే 8,000కు మించిన 2,000 మళ్లీ వేతనంలోనే కలుస్తుంది. గ్రాట్యుటీ (ఉద్యోగం మానేటప్పుడు ఇచ్చే మొత్తం) 8,000 మీద లెక్క కట్టాలి.

ఏదైనా అర్థం కాకపోతే మీ ఏరియా అసిస్టెంట్ లేబర్ ఆఫీసర్‌ను కలవండి. వెళ్లేటప్పుడు షాపు రిజిస్ట్రేషన్ కాపీ, హాజరు రిజిస్టర్, పోయిన నెల జీతాల షీట్ తీసుకెళ్లండి.