బ్యాంకు జవాబిచ్చేదాకా ఇల్లు గడిచేదెలా?

ప్రశ్న: నాకు తెలియకుండా నా జీతం ఖాతా నుంచి రూ.1,40,000 పోయాయి. ఓటీపీ ఎవరికీ చెప్పలేదు. మరుసటి రోజే బ్యాంకుకు ఫిర్యాదు చేశాను. మూడు వారాలైనా విచారణ జరుగుతోందనే అంటున్నారు. ఇంకా ఎంతకాలం ఆగాలి? ఈలోగా ఇంటి ఖర్చులకు లోన్ యాప్‌లో అప్పు తీసుకోవచ్చా?

సమాధానం: అప్పు మాత్రం తీసుకోకండి. గడువుల విషయానికొస్తే, రిజర్వు బ్యాంకు 2017 జులై 6న ఇచ్చిన ఆదేశాల ప్రకారం, తప్పు బ్యాంకుదీ ఖాతాదారుదీ కాకుండా బయటివారిదైనప్పుడు, బ్యాంకు నుంచి సమాచారం అందిన 3 పనిదినాల్లోపు ఫిర్యాదు చేసినవారిపై నష్టభారం పడదు. ఫిర్యాదు అందిన 10 పనిదినాల్లోపు బ్యాంకు ఆ మొత్తాన్ని ఖాతాలో జమచేయాలి, 90 రోజుల్లోపు ఫిర్యాదును పరిష్కరించాలి. తప్పు మీదేనని నిరూపించాల్సిన బాధ్యతా బ్యాంకుదే. మీ విషయంలో 10 పనిదినాల గడువు దాటిపోయింది కాబట్టి, సొమ్ము ఎందుకు జమకాలేదో ఫిర్యాదు సంఖ్య రాసి లిఖితపూర్వకంగా అడగండి. ఫిర్యాదు చేసి 30 రోజులైనా జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను (బ్యాంకులపై ఫిర్యాదులను పరిష్కరించే అధికారిని) ఆశ్రయించండి, రుసుమేమీ ఉండదు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టింది మీ చివరి ప్రశ్న. ఉన్న డబ్బంతా ఒకే ఖాతాలో, అదీ రోజూ యూపీఐకీ డెబిట్ కార్డుకూ వాడే ఖాతాలో ఉంచడం నా దగ్గరకు వచ్చేవారిలో పదే పదే చూస్తున్న పొరపాటు. బ్యాంకు తిరిగి జమచేసిన సొమ్మును కూడా విచారణ తేలేదాకా వాడుకోనివ్వకపోవచ్చు. నిబంధనే బ్యాంకుకు 90 రోజులు ఇస్తున్నప్పుడు, కనీసం మూడు నెలల ఇంటి ఖర్చు, వాయిదాలు, బీమా ప్రీమియంలతో సహా, వేరే బ్యాంకులో అత్యవసర నిధిగా ఉండి తీరాలి. అది లేకపోవడం వల్లనే, న్యాయంగా మీకు రావలసిన సొమ్ము కోసం ఎదురుచూస్తూ మీరు అప్పులవాళ్ల గుమ్మం తొక్కాలనుకుంటున్నారు. ఎప్పుడు తిరిగొస్తుందో తెలియని డబ్బును నమ్ముకుని వారాల గడువుతో అధిక వడ్డీకి అప్పు చేయడం తెలిసి తెలిసి గోతిలో దిగడమే. క్రెడిట్ కార్డుపై నగదు తీయడమూ అంతే, తీసిన రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది.

ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంటే దానిపై రుణమో, ఆఫీసులో జీతం అడ్వాన్సో అడగండి. పోయిన సొమ్ము తిరిగొచ్చిన రోజున దాన్ని ఆ ఖాతాలోనే వదిలేయకుండా, యూపీఐతో గానీ కార్డుతో గానీ ముడిపెట్టని మరో బ్యాంకు ఖాతాకు మార్చండి.