సైలోసైబిన్ చికిత్సతో లైంగిక వ్యసనం తగ్గుతుందా?

ప్రశ్న: అదుపు తప్పిన లైంగిక ప్రవర్తనతో కొన్నేళ్లుగా బాధపడుతున్నాను. సైలోసైబిన్ (కొన్ని పుట్టగొడుగుల్లో ఉండే, భ్రాంతులు కలిగించే పదార్థం) చికిత్స నాకు ఉపకరిస్తుందా?

జవాబు: 2022లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ మీ సమస్యను వ్యసనంగా కాక, ప్రేరణలను అదుపు చేసుకోలేని రుగ్మతగా గుర్తించింది. సైలోసైబిన్‌పై ఆశలకు మూలం పొగతాగడం వంటి వ్యసనాలపై జరిగిన పరిశోధనలే. 2014లో వెలువడిన అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ అధ్యయనంలో, మానసిక చికిత్సతో పాటు ఈ మందు తీసుకున్న 15 మంది పొగతాగేవారిలో 12 మంది ఆరు నెలల తర్వాత కూడా సిగరెట్‌కు దూరంగా ఉన్నారు; అయితే పోల్చి చూడటానికి అందులో మరో బృందం లేదు. పైగా సిగరెట్‌ను పూర్తిగా మానేయవచ్చు గానీ, లైంగిక జీవితాన్ని మానేయడం మీ చికిత్స లక్ష్యం కాదు కదా! కుటుంబంలో ఎవరికైనా సైకోసిస్ (వాస్తవానికి, భ్రమకు తేడా తెలియని తీవ్ర మానసిక స్థితి) ఉంటే ఈ మందు ప్రమాదకరం కావచ్చు కాబట్టి, సొంత ప్రయోగాలు చేయక, కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీలో (ఆలోచనలను, ప్రవర్తనను మార్చుకోవడం నేర్పే మానసిక చికిత్సలో) అనుభవమున్న మానసిక నిపుణులను సంప్రదించండి.