చేనంతా ఒకేసారి పెరికించకు, అల్లుడూ

అల్లుడూ,

నాలుగెకరాల శనక్కాయా ఈ వారంలోనే ఒకేసారి పెరికిస్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఏళ్ళ తరబడి కౌలుకిచ్చిన చేను మళ్ళీ మనింటి పిల్లాడు చేస్తున్నాడంటే నాకెంత గర్వంగా ఉందో! కానీ ‘ఒకేసారి’ అన్న మాట విన్నాక నిద్ర పట్టలేదు.

ఫోన్‌లో వారమంతా సూర్యుడి బొమ్మలే ఉన్నాయని ధైర్యం చేశావట. వాతావరణ శాఖ రాయలసీమకు ఇచ్చే సూచన చివరిదాకా చదివావా? ‘ఒకటి లేదా రెండు చోట్ల ఉరుములతో కూడిన జల్లులు’ అని ఉంటే అది మనక్కాదని వదిలేయకు. వాళ్ళ లెక్కలో ఆ మాటకు అర్థం, వాన కొలిచే కేంద్రాల్లో నాలుగో వంతు దాకా తడవొచ్చని. అందులో మన చేను ఉండదని ఎవరు చెప్పారు? ఉత్తర కార్తెలో మన అనంతపురం వైపు పొద్దున ఎండ చక్కగా కాస్తుంది. నేల కాగి, గాలిలో తేమ పైకి లేచి, మధ్యాహ్నం మూడు దాటాక మబ్బు కమ్ముతుంది. పక్క ఊళ్ళో దుమ్ము లేస్తుంటే మన ఊళ్ళో వాన పడుతుంది.

కూలీలను ముందు రోజే మాట్లాడుకో. నేల మరీ గట్టిపడితే కాయలు మట్టిలోనే తెగిపోతాయి, చూసుకో. నాలుగు చోట్ల చెట్లు పీకి కాయ పగలగొట్టు. ముప్పావు వంతు కాయలకు పైపెంకు లోపలి వైపు నల్లబడి ఉంటే కోతకొచ్చినట్టే.

మీ తాత, అదే మా నాన్న విషయం నీకెవరూ చెప్పి ఉండరు. అప్పటికి నాకు పెళ్ళి కాలేదు. రేడియోలో పొడి వాతావరణం అన్నారు. ఆ తర్వాతి మాట వినకుండా లేచిపోయి, దొరికిన కూలీలందరినీ దించి చేనంతా పెరికించాడు. రెండో రోజు సాయంత్రం గంటసేపు కురిసింది. ఆ వానతో పోయింది తక్కువే. తడిసిన కట్టెనంతా, అంటే కాయలతో ఉన్న చెట్లన్నిటినీ ఆదరాబాదరాగా కల్లంలో వామి వేసి, పట్టలు కప్పి, చుట్టూ రాళ్ళు పెట్టాడు. మళ్ళీ వానొస్తుందేమోనని మూడు రోజులు విప్పనివ్వలేదు. విప్పాక నేను లోపలికి చెయ్యి పెడితే పొయ్యి మీది గిన్నెలా వేడి. ముక్కిన వాసన. కాయ వలిస్తే గింజ మీద పసుపు కలిసిన పచ్చటి బూజు, కొన్నిటికి మొలక. మా అమ్మ మంచి కాయలు ఏరుతూ చీకటి పడేదాకా అక్కడే కూర్చుంది. ఆయన్ని ఒక్క మాటా అనలేదు. ఆ బూజు విషం పేరు అఫ్లాటాక్సిన్ అని తర్వాతెప్పుడో తెలిసింది. వేయించినా పూర్తిగా పోదు. ఆ కాయల పిండి ఆవుకు పెడితే పాలల్లోకీ వస్తుంది.

మీ తాతను తప్పుపట్టలేను. ఉత్తర కార్తెలోనూ వాన పడకపోతే గంప ఎత్తుకుని ఊరు వదలమనే ‘ఉత్తర చూసి ఎత్తర గంప’ సామెత వింటూ పెరిగిన మనిషి. ఏడాదంతా వాన కోసం మొక్కి, ఆ ఒక్క వారం రావద్దని మొక్కాల్సి వస్తే కంగారు పడడా?

అందుకే ఒక ఎకరా పెరికించి, అది ఆరాకే రెండోదానికి వెళ్ళు. మొక్కను తిరగేసి కాయలు పైకి ఉండేలా పరిపించు. వాన పడేటప్పుడు పట్ట కప్పు, వెలిసిన వెంటనే తీసెయ్. తడిసిందంటే కుప్ప వెయ్యకు, పలచగా పరిచి గాలి ఆడనీ. అలాగని మరీ ఆలస్యమూ చెయ్యకు. కదిరి-6 లాంటి గుత్తిగా కాసే రకాలు ముదిరాక వాన పడితే భూమిలోనే మొలకెత్తుతాయి.

ఇంకోటి బతిమాలి చెబుతున్నా, నాయనా. ఉరుము వినబడగానే అందరినీ ఇంట్లోకి తీసుకుపో. కూలీలు అలవాటుగా గట్టు మీది చింతచెట్టు కిందికి పరిగెడతారు, ఎవర్నీ పోనివ్వకు. పిడుగుల హెచ్చరికకు దామిని యాప్ పెట్టుకో. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా చేలో అడుగు పెట్టొద్దు. కట్టె తడిస్తే తడవనీ.

విత్తనం కాయలు విడిగా ఆరబెట్టు. ఊపితే గలగలమనాలి, తేమ తొమ్మిది శాతం దాటకూడదు. శనివారం పొద్దున బస్సుకి నేనొస్తున్నా. మొదటి ఎకరా ఆరిందో లేదో నేను చూశాకే రెండోది పెరికించు.

మీ అత్త