కామిక్స్‌లోకి రాజకీయాలు "ఇప్పుడే" వచ్చాయా?

"ఒకప్పుడు కామిక్స్ హాయిగా ఉండేవి, ఇప్పుడు వెబ్‌కామిక్స్‌తో సహా అన్నిట్లో రాజకీయాలు దూర్చేస్తున్నారు, అవసరమా?" అని మీలో ఒకరు అడిగారు. ఈ మాట ఎక్కడ కనబడినా నాకు ఊరుకోబుద్ధి కాదు. ఆ "ఒకప్పుడు" ఎప్పుడో మాత్రం ఎవరూ చెప్పరు. కెప్టెన్ అమెరికా మొదటి సంచిక అట్ట మీదే హిట్లర్ మొహం మీద గుద్దుతుంటాడు. అట్ట మీద మార్చి 1941 అని వేశారు గానీ పుస్తకం 1940 డిసెంబర్‌లోనే అమ్మకానికి వచ్చేసింది, అంటే అమెరికా యుద్ధంలోకి దిగడానికి ఏడాది ముందే. తయారుచేసిన జో సైమన్, జాక్ కిర్బీ ఇద్దరూ యూదులు, ఆ బొమ్మకి వాళ్ళకి బెదిరింపులు కూడా వచ్చాయి. ఇది రాజకీయం కాకపోతే ఇంకేంటండీ?

మా అక్క కొడుక్కి ఒకసారి 1953 నాటి "జడ్జ్‌మెంట్ డే" అనే చిన్న కథ చూపించా. ఈసీ కామిక్స్ వాళ్ళది, కొన్ని పేజీలే. భూమి నుంచి ఒక ఇన్‌స్పెక్టర్ రోబోల గ్రహానికి వెళ్తాడు, వాళ్ళని గెలాక్సీ కూటమిలో చేర్చుకోవచ్చా లేదా చూడ్డానికి. అక్కడ నారింజ రంగు రోబోలు, నీలం రోబోలు. లోపల మిషన్ ఒకటే, పైన రేకు రంగే తేడా, కానీ నీలం వాళ్ళకి బస్సులో వెనక సీట్లు, ఉండటానికి వేరే పేట. ఇలాగైతే కుదరదని చెప్పి ఆయన రాకెట్ ఎక్కేస్తాడు. అప్పటిదాకా హెల్మెట్‌లోనే ఉంటాడు. ఆఖరి బొమ్మలో హెల్మెట్ తీస్తే నల్లజాతి మనిషి, మొహం మీద చెమట చుక్కలు మెరుస్తుంటాయి. ఒక్క డైలాగ్ లేదు.

మావాడు అక్కడ ఆగిపోయి గబగబా పేజీలు వెనక్కి తిప్పాడు. "మావయ్యా, ముందెక్కడా మొహం చూపించలేదేంటి?" అన్నాడు. నువ్వు ఎవరనుకున్నావ్ మరి అంటే, కాసేపు ఆలోచించి "తెల్లవాడే అనుకున్నా, ఎందుకో తెలీదు" అన్నాడు. జాతి వివక్ష మీద ఎంత పెద్ద పాఠం చెప్పినా వాడి నోట ఆ మాట వచ్చేది కాదు, ఇది నేను రాసిస్తా.

అసలు సంగతి తర్వాత జరిగింది. 1954లో పబ్లిషర్లే కామిక్స్ కోడ్ అని, ఏం వెయ్యొచ్చో ఏం వెయ్యకూడదో చెప్పే రూల్స్ పెట్టుకున్నారు, ఆ ముద్ర లేకపోతే అప్పట్లో పంపిణీదార్లు పుస్తకం ముట్టుకునేవాళ్ళు కాదు. 1956లో ఇదే కథ మళ్ళీ వెయ్యబోతే కోడ్ వాళ్ళు ఆ మనిషి నల్లవాడు కాకూడదన్నారు. కథంతా ఉన్నదే దానికోసం! ఈసీ పబ్లిషర్ బిల్ గెయిన్స్ ఒప్పుకోలేదు, గొడవపడి ఉన్నది ఉన్నట్టే వేశాడు, కానీ ఈసీ వాళ్ళ కామిక్ పుస్తకాల్లో అదే ఆఖరిది, ఆ తర్వాత మ్యాడ్ అనే హాస్య మ్యాగజైన్ ఒక్కటే మిగిలింది. కాబట్టి "రాజకీయాలొద్దు" అనే రూల్ పెట్టినవాళ్ళదీ రాజకీయమే, వాళ్ళకి నచ్చిన మొహాలు మాత్రమే ఉంచే రాజకీయం.

మీ చిరాకు మాత్రం నాకు అర్థమవుతుంది, ఎందుకంటే ఇప్పటి వెబ్‌కామిక్స్ చాలావాటితో నాకూ పేచీ ఉంది. నాలుగు గడులు గీస్తారు, ప్రతి మనిషి చొక్కా మీద "మీడియా" "ప్రభుత్వం" "సామాన్యుడు" అని రాసేస్తారు, చివరి గడిలో ఒకడు మన వైపు తిరిగి ఉపన్యాసం ఇస్తాడు. బొమ్మ చెయ్యాల్సిన పని మాటల బెలూన్‌తో చేయిస్తే అది బొమ్మలున్న కరపత్రం, అంతే. పైగా ఫార్వర్డ్ చేసేవాళ్ళు కింద మూల ఆర్టిస్ట్ సంతకం కత్తిరించి మరీ పంపుతారు, ఇది నాకు ఒళ్ళు మండే విషయం, రాత్రంతా కూర్చుని గీసినవాడి పేరు తీసెయ్యడానికి చెయ్యెలా వస్తుందో.

పోనీ రాజకీయాలు లేకుండా గీస్తే గొడవుండదా అంటే పెపే కప్ప సంగతి చూడండి. ఆర్టిస్ట్ మ్యాట్ ఫ్యూరీ 2005లో తన కామిక్‌లో గీసింది ఒట్టి బద్ధకపు కప్ప, ఫ్రెండ్స్‌తో కాలక్షేపం చేసేది. దాన్ని నెట్‌లో జాత్యహంకారులు ఎత్తుకుపోయారు, 2016 కల్లా ద్వేష చిహ్నాల జాబితాలోకి ఎక్కింది, ఆయన దాన్ని వెనక్కి తెచ్చుకోడానికి కోర్టుల దాకా వెళ్ళాల్సొచ్చింది.

మొహమాటం లేకుండా రాజకీయం కోసమే గీసినది చదవాలంటే 1957లో మార్టిన్ లూథర్ కింగ్ మీద, బస్సుల్లో నల్లవాళ్ళని వేరుగా కూర్చోబెట్టడాన్ని ఎదిరించిన మాంట్‌గోమరీ బస్సుల బహిష్కరణ మీద వచ్చిన చిన్న కామిక్ చూడండి. పది సెంట్లకి అమ్మారు, కొట్టినా తిరిగి కొట్టకుండా ఎలా నిలబడాలో కూడా అందులో చెప్పారు, దశాబ్దాల తర్వాత అరబిక్‌లోకి కూడా వెళ్ళింది. చదివాక మీకేమనిపించిందో కింద కామెంట్‌లో రాయండి, మాట్లాడుకుందాం.