బొంతల ముచ్చట్లు: పాఠకుల ప్రశ్నలు, ఆదోని నుంచి జవాబులు

పోయిన సంచికలో మా ఆదోని బొంతల బృందం గురించి నాలుగు మాటలు అచ్చయ్యాయి. పాత చీరలు పోగుచేసి, మధ్యాహ్నం వంటింటి పని తెమిలాక ఒకరింటి వసారాలో కూర్చుని బొంతలు కుట్టి, అవసరమున్నవారికి ఊరికే ఇస్తామని అందులో రాశారు. దానికి వచ్చిన ఉత్తరాలను సంపాదకులు కట్టకట్టి నాకే పంపారు. బడిలో ఆడపిల్లలకు కుట్టుపని నేర్పి రిటైరైన పంతులమ్మను. జవాబుల్లో అక్కడక్కడా అదిలింపు వినిపిస్తే ఏమీ అనుకోకండి.

బీరువా నిండా కట్టని చీరలున్నాయి. మీకు పంపాలని ఉంది. ఏ చీరైనా పనికొస్తుందా?
— ఒక గృహిణి, ప్రొద్దుటూరు

రాదమ్మా. నూలు చీరే కావాలి. అదీ బాగా నలిగి, ఉతికి ఉతికి మెత్తబడినది. పాలిస్టర్ చీర చెమట పీల్చదు, పైగా నిప్పు తగిలితే కరిగి ఒంటికి అంటుకుపోతుంది. మా బొంతలు తీసుకునేవాళ్లలో చాలామంది పొయ్యికి రెండు బారల దూరంలో పడుకునేవాళ్లు. అందుకే ఈ విషయంలో మొహమాటం పెట్టుకోము.

నూలో కాదో తెలియకపోతే అంచు నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్లతో వెలిగించండి. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి బూడిదగా రాలుతుంది. పాలిస్టర్ అయితే ముడుచుకుపోయి, చల్లారాక కొసన గట్టి పూస కడుతుంది. దుకాణంవాడు ‘ప్యూర్ కాటన్’ అని అమ్మిన చీర ఈ పరీక్షలో పూస కట్టడం మా వసారాలో మామూలే.

ధర్మవరం పట్టుచీరలు పంపినవారు కూడా ఉన్నారు. వారి మనసు పెద్దదే కానీ జరీ ఒంటికి గీరుకుంటుంది, పట్టు రోజువారీ ఉతుకుడుకు ఆగదు. ఆ చీరతో మనవరాలికి పరికిణీ కుట్టించండి. పాత నేత దుప్పట్లుంటే మాత్రం రెండో ఆలోచన లేకుండా పంపండి. మాకు పక్కనే ఎమ్మిగనూరు. 1938లో మాచాని సోమప్ప అక్కడ చేనేత సహకార సంఘం పెట్టినప్పటి నుంచి ఈ చుట్టుపక్కల ఇళ్లలో నేత దుప్పటి లేని మంచం అరుదు. చిరిగిన దుప్పటి కూడా బొంతకు మంచి అడుగుగుడ్డ అవుతుంది.

పంపేముందు గంజి పూర్తిగా పోయేలా ఉతకండి, గంజి ఉంటే పురుగు పడుతుంది. ఫాల్ విప్పండి. చిరుగుల దగ్గర అతికించిన ప్లాస్టరు తీసేయండి. (అవును, అలా కూడా వస్తున్నాయి.) స్టీలు గిన్నెలవాడు వద్దన్న చీరలను మాకు పంపకండి. ఆయన కన్ను నా కన్ను కంటే తక్కువదేమీ కాదు.

మేము కొందరం కలిసి పెద్దాసుపత్రిలో పుట్టిన పిల్లలకు చిన్న బొంతలు కుట్టి ఇవ్వాలనుకుంటున్నాం. కొలత ఎంత ఉండాలి? అద్దాలు, కుచ్చులు పెడితే ముచ్చటగా ఉంటాయా?
— స్నేహితురాళ్లం, కర్నూలు

ముచ్చట పక్కన పెట్టి, ముందు ఆ వార్డు నర్సమ్మను కలవండి. సూదిలో దారం ఎక్కించాల్సింది ఆ తర్వాతే. ఏ రంగు కావాలి, ఎంత మందం కావాలి, రోజుకు ఎన్నిసార్లు ఉతుకుతారు, ఏ మందు నీళ్లలో నానబెడతారు, ఇవన్నీ ఆమెకే తెలుసు. మేము కలిసిన ఒక నర్సమ్మ లేత రంగులే కావాలన్నారు. రక్తమో పాలో కక్కో పడితే వెంటనే కనబడాలని ఆమె లెక్క. ముదురు రంగుల మీద మాకున్న మోజు ఆ ఒక్క మాటతో వదిలింది.

అద్దాలు, పూసలు, గుండీలు, కుచ్చులు, రిబ్బన్లు ఏవీ వద్దు. ఊడితే నోట్లోకి పోతాయి, దారం వదులైతే వేలికి చుట్టుకుంటుంది. పసిబిడ్డ వేలికి చుట్టుకున్న దారాన్ని విప్పేవాళ్లకే ఆ కష్టం తెలుసు. కుట్లు కూడా దగ్గరగా ఉండాలి. బిడ్డ కాలివేలు దూరేంత సందు ఉండకూడదు.

ఇంకో ముఖ్యమైన మాట. ఏడాది నిండని బిడ్డ నిద్రపోతుంటే పైన వదులుగా బొంత కప్పకూడదని పిల్లల డాక్టర్లు చెబుతారు, మొహం మీదికి జరిగితే ఊపిరి ఆడదు. కాబట్టి మీరు ఇచ్చేది కప్పడానికి అనుకోకండి. మెలకువగా ఉన్నప్పుడు కింద పరవడానికి, ఎత్తుకునేటప్పుడు చుట్టడానికి అనుకోండి. చదరంగా రెండున్నర అడుగులు చాలు.

రెండున్నర కిలోల కంటే తక్కువ బరువుతో పుట్టిన పిల్లలను తల్లి గుండెకు ఆనించి, ఒంటికి ఒళ్లు తగిలేలా కట్టి ఉంచే పద్ధతి ఇప్పుడు మన ఆసుపత్రుల్లో కూడా ఉంది. కంగారూ సంరక్షణ అంటారు. 1978లో కొలంబియా దేశంలోని బొగొటాలో ఇంక్యుబేటర్లు చాలక డాక్టర్లు మొదలుపెట్టారు. ఆ తల్లులకు కావలసింది చిట్టి బొంత కాదు, తల్లీబిడ్డలిద్దరి భుజాల చుట్టూ తిరిగే పలచటి గుడ్డ. ఇది కూడా నర్సమ్మను అడిగితేనే తెలుస్తుంది.

కలరా ఉండల మధ్య దాచిన చీరను పసిపిల్లల బొంతకు చచ్చినా వాడకండి. అందులో ఉండేది నాఫ్తలీన్. జీ6పీడీ అనే ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉన్న బిడ్డలకు ఆ బట్ట తగిలినా, ఆ వాసన పీల్చినా ఎర్ర రక్తకణాలు పగిలిపోయి కామెర్లు ముదురుతాయి. ఏ బిడ్డకు ఆ లోపముందో చూడగానే ఎవరికి తెలుస్తుంది? మా దగ్గర చీరల మూటల్లో ఎండిన వేపాకు తప్ప ఇంకేమీ వేయము.

మీ బొంతలు ఎవరికి ఇస్తారు? అనాథాశ్రమాలకా?
— ఒక కళాశాల విద్యార్థిని, అనంతపురం

ఎక్కువగా సుగ్గికి, అంటే ఊరు విడిచి కూలి పనులకు, పోయేవాళ్లకు. మా పడమటి మండలాల్లో, కోసిగి, పెద్దకడబూరు, మంత్రాలయం వైపు, వాన ముఖం చాటేసిన ఏడాది ఊళ్లకు ఊళ్లే పిల్లాజెల్లాతో గుంటూరు వైపు మిరపకాయల కోతకు కదులుతాయి. అక్కడ చేల పక్కన గుడారాలు వేసుకుని ఉంటారు. పగలు ఎండ మాడ్చినా తెల్లవారుజామున మంచు కురుస్తుంది.

మొదట్లో మేము ఇచ్చినవి చూడముచ్చటైన బొంతలు. తిరిగి వచ్చినవాళ్లను ఎలా ఉన్నాయని అడిగితే ఒకామె మొహమాటపడుతూనే చెప్పింది: ‘బాగున్నాయమ్మా, కానీ ఇద్దరు పిల్లలు, నేను ఒకే బొంతలో పడుకోవాలి. మూటలో పట్టాలి. మాపు కనబడకూడదు.’ ఇంకొకామె చెప్పింది మాకు తట్టనే లేదు. కోత బట్టలతోనే పడుకుంటారు కాబట్టి మిరప ఘాటు బొంతకు ఎక్కుతుంది. మందంగా ఉంటే ఎంత ఉతికినా పోదు, పిల్లలు రాత్రంతా కళ్లు నులుముకుంటారు. అందుకని సుగ్గి బొంతలకు మూడు పొరలు మించనివ్వము. వెడల్పు పెంచుతాము, ముదురు రంగులు వాడతాము. అంటే ఆసుపత్రికి ఇచ్చేదానికి పూర్తిగా తలకిందులు. ఒకే నమూనా అందరికీ ఇవ్వడం కుట్టేవాళ్లకు సుఖం, అంతే.

ఆదోనిలో ఉంటూ బొంతలో దూది ఎందుకు పెట్టరు? వెచ్చగా ఉంటుంది కదా?
— ఒక రైతు, పత్తికొండ

దూది పెట్టాలంటే దాన్ని చక్కగా ఏకి, పరిచి, దగ్గర దగ్గరగా కుట్టే చేతులు కావాలి. లేకపోతే రెండు ఉతుకులకు ఒక మూలకు జరిగి ఉండలు కడుతుంది. తడిస్తే రెండు రోజులైనా ఆరదు. జిన్నింగు మిల్లుల ఊళ్లో ఉంటూ దూది వద్దంటున్నానని మా ఆయన కూడా ఎగతాళి చేస్తుంటారు. వెచ్చదనం పొరల మధ్య నిలిచే గాలి వల్ల వస్తుంది. మెత్తటి నూలు చీర మూడు పొరలు ఆ పని చేస్తాయి. అలా కుట్టినది పొద్దున ఉతికితే సాయంత్రానికి ఆరిపోతుంది.

ఒక బొంతకు ఎన్ని చీరలు పడతాయి? కుట్టే తీరు కాస్త వివరంగా చెప్పండి.
— అక్కాచెల్లెళ్లం, జమ్మలమడుగు

అయిదున్నర మీటర్ల చీరను పొడవుగా మూడు మడతలు వేయండి. ఆరడుగుల పొడవు, చీర పన్నా ఎంతో అంత వెడల్పు, మూడు పొరలు వచ్చేశాయి. ఒక్కరికి సరిపోయే బొంతకు ఒక్క చీర చాలు. చీర పలచబడి ఉంటే పైన ముక్కల గుడ్డ ఒకటి వేసుకోండి. ఇద్దరు ముగ్గురు పడుకునేదానికి రెండు చీరలు పక్కపక్కన కలపండి.

నేల మీద చాప పరిచి, దాని మీద మడత పెట్టిన చీర పరవండి. నాలుగు వైపులా నలుగురు కూర్చుని ముడతలు లేకుండా లాగండి. ముందు కచ్చా కుట్లు. ఇవి నడిమధ్య నుంచి అంచులకు పోవాలి. అంచు నుంచి మొదలుపెడితే గుడ్డంతా మధ్యకు పోగై పొంగుతుంది. ఇక్కడ తొందరపడ్డ బొంత ఎప్పటికీ తిన్నగా పరుచుకోదు. ఆ తర్వాత అసలు కుట్టు: సన్న దబ్బనం, రెండు పోగుల నూలు దారం, కుట్టు వడ్లగింజంత, వరుసకూ వరుసకూ రెండు వేళ్ల ఎడం. అంచులు లోపలికి మడిచి రెండు వరుసలు వేయండి, ఎందుకంటే మొదట చిరిగేది అంచే. చివరికి కచ్చా కుట్లు విప్పేయండి.

ఇదే సరైన పద్ధతి అని నేను అనను. కర్ణాటకలో ఉత్తర కన్నడ అడవుల్లో ఉండే సిద్దీలు, వాళ్ల పూర్వీకులు ఆఫ్రికా నుంచి వచ్చినవారు, ఒక మూల నుంచి మొదలుపెట్టి అంచుల వెంట చుట్టూ తిరుగుతూ మధ్యకు చేరతారు. మేము చేయవద్దనేదే వాళ్లు చేస్తారు, అయినా వాళ్ల బొంతలు పలకల్లా నిలుస్తాయి! చేయి తిరిగినవాళ్లకు చెల్లుతుంది. వాళ్లు నాలుగు మూలలా ‘ఫులా’ అనే చిన్న గుడ్డ ముక్కలు పెడతారు, అవి లేకపోతే బొంత పూర్తికానట్టే.

మా బృందంలో ఒక పెద్దావిడ కుట్లు వేలెడు వేలెడు ఉంటాయి. చెబితే నొచ్చుకుంటారు. రాత్రి ఆమె కుట్లు విప్పి మళ్లీ వేస్తున్నాం.
— పేరు వద్దు, నంద్యాల

ఇవాళే ఆ విప్పడం మానేయండి. ఎప్పుడో ఒకరోజు ఆమె కనిపెడతారు, అప్పుడు నొచ్చుకోవడం మామూలుగా ఉండదు. కచ్చా కుట్టు మొత్తం ఆమెకు అప్పజెప్పండి. అక్కడ కావలసింది వేలెడు కుట్లే. ‘ఇది మీ చేతి మీదుగా అయితేనే తిన్నగా వస్తుంది పెద్దమ్మా’ అనండి, అబద్ధం కూడా కాదు.

బొంత మూలన దాతల పేర్లు కుట్టమని చందా ఇచ్చినవారు అడుగుతున్నారు. ఏం చేయాలి?
— ఒక మహిళా సంఘం, కడప

కుట్టకండి. కప్పుకున్న ప్రతి రాత్రీ ఎవరికో రుణపడినట్టు ఎందుకు పడుకోవాలి? చందా రసీదు మీద పేరు రాసివ్వండి, అది వాళ్ల హక్కు.

మా అత్తగారు ఈమధ్య పోయారు. ఆమె నూలు చీరలు మంచివి. బొంతలకు ఇద్దామంటే, పోయినవారి బట్టలు ఇంకొకరికి కప్పకూడదని మా ఇంట్లో అంటున్నారు. మీ బృందం తీసుకుంటుందా?
— ఒక కోడలు, ఆళ్లగడ్డ

తీసుకుంటామమ్మా. కానీ ఇంట్లో అందరూ సరేనన్నాకే. ఒక్కరు వద్దన్నా నేను చేయి చాచను, అది శాస్త్రం సంగతి కాదు, వాళ్ల దుఃఖం సంగతి. మీ ఆయనను విడిగా అడగండి. మగవాళ్లు నలుగురిలో ఒకటి అంటారు, లోపల ఇంకొకటి ఉంటుంది.

తీసుకునేవాళ్లలోనూ కొందరికి పట్టింపు ఉంటుంది. అడిగినవాళ్లకు దాచకుండా చెబుతాము, వద్దంటే వేరేది ఇస్తాము.

ఇవ్వడానికి మనసొప్పకపోతే ఆ చీరలతో ఇంట్లోకే ఒక బొంత కుట్టుకోండి. అమెరికాలో ఎయిడ్స్‌తో పోయినవారి కోసం వాళ్ల ఆత్మీయులు ఇలాగే కుట్టారు. క్లీవ్ జోన్స్ అనే ఆయనకు 1985లో వచ్చిన ఆలోచన అది. ఒక్కొక్కరికి మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు ఉన్న ముక్క, దాని మీద పోయినవారి పేరు. 1987 అక్టోబరు 11న వాషింగ్టన్‌లో పచ్చిక మీద పరిస్తే 1,920 ముక్కలయ్యాయి. కొన్నింటిలో వాళ్లు తొడుక్కున్న చొక్కాలూ ప్యాంట్లూ కూడా కుట్టారు. ఆరడుగుల పొడవు మన ఒంటరి బొంత పొడవే. మీ అత్తగారి చీర ఒకటి మూడు మడతలు వేస్తే చాలు.

రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుట్టే చోట పనిచేస్తున్నాను. కత్తిరింపు ముక్కలు బస్తాలకొద్దీ పారేస్తారు. యజమాని తీసుకెళ్లమన్నారు. బొంతలకు పనికొస్తాయా?
— ఒక యువకుడు, రాయదుర్గం

కప్పుకోవడానికి రాదు నాయనా. బరువు, తడిస్తే ఇంకా బరువు. కానీ పరుచుకోవడానికి దానంత గట్టిది దొరకదు. సుగ్గి గుడారాల్లో నేల చెమ్మ పైకి తన్నుకొస్తుందని ఆడవాళ్లు మొత్తుకుంటారు. జీన్సు ముక్కలు ఒకే పొరగా అతికి, అడుగున ఎరువుల బస్తా విప్పి వేసి కుడితే చెమ్మ ఆగుతుంది. బస్తాను ముందు రెండు మూడుసార్లు బాగా కడగాలి. పురుగుమందు సంచులు మాత్రం ముట్టుకోవద్దు.

చేతి సూది దిగదు, మిషన్ మీద కుట్టాలి, అదీ 18 నంబరు సూదితో. అతుకుల మీద అతుకులు పడే చోట చక్రాన్ని చేత్తో తిప్పండి, కాలితో తొక్కితే సూది టప్పున విరుగుతుంది. జిప్పులు, రాగి రివిట్లు ఉన్న ముక్కలు ముందే ఏరేయండి. ఒక బస్తా ఆదోని బస్సెక్కించండి, మీరు కూడా సెలవు చూసుకుని రండి. మా వసారాలో మిషన్ తొక్కే మగవాడు ఇంతవరకు ఒక్కరూ లేరు, ఆడవాళ్లు కాస్త ఆటపట్టిస్తారు, తట్టుకోవాలి.